పగిలిన అద్దం అంచు: గచ్చు, దారం, లక్కలలో అద్దపు ముక్కల చరిత్ర

వ్యాససంగ్రహం

అద్దాన్ని కోసి, దాని ముక్కలను మరొక వస్తువుగా మలచుకోవడం భారతదేశంలో కొన్ని శతాబ్దాలుగా సాగుతున్న పని. రాజభవనాల గోడలపై కనిపించే అద్దాల పని వాస్తుచరిత్రలో చోటు సంపాదించుకొంది. ఇళ్ళలో స్త్రీలు గుడ్డపైన, మట్టిగోడపైన, లక్క గాజుపైన పొదిగిన అద్దపు ముక్కలు మాత్రం వేషధారణ గానో, జానపద ఆచారం గానో మాత్రమే నమోదయ్యాయి. ఈ రెండింటినీ ఒకే సాంకేతిక సమస్యకు వచ్చిన వేర్వేరు పరిష్కారాలుగా చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పగిలిన గాజుకు ఉండే పదునైన అంచును అదుపు చేయడమే ఆ సమస్య. గచ్చు, దారం, లక్క అనే మూడు మాధ్యమాల ఆధారంగా ఈ చరిత్రను పరిశీలించి, లంబాడీ స్త్రీల సూదిపనికి, హైదరాబాదు లక్క గాజుల పనికి అందులో ఉన్న స్థానాన్ని నిర్ణయించే ప్రయత్నం ఇందులో జరిగింది.

కీలక పదాలు: అద్దం, గాజు, అద్దాల కుట్టు, లంబాడీ, కాంచళి, కపడ్‌వంజ్, లక్క గాజులు, గృహశ్రమ, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం

పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదనే నమ్మకం తెలుగునాట బలంగా ఉంది. ముఖం చూసుకొనే అద్దానికి చిన్న బీట పడినా దాన్ని బయట పారేయడం చాలా ఇళ్ళలో ఆచారం. అదే సమాజంలో, అదే అద్దపు ముక్కలు పొదిగిన రవిక, సంచి, తోరణం, గాజు శుభకార్యాలకు వన్నె తెచ్చే వస్తువులుగా చెల్లుబాటు అవుతున్నాయి. నిండు అద్దం పగిలితే అశుభం, పగిలిన ముక్క కుట్టులో చేరితే అలంకారం. ఈ రెండు స్థితుల మధ్య జరిగింది ఒక చేతిపని. ముక్కను కోరిన ఆకారానికి తెచ్చి, దాని అంచు చేతిని కోయకుండా, గుడ్డను చింపకుండా చేసే పని అది. ఆ పనికి సంబంధించిన చరిత్రే ఈ వ్యాసానికి విషయం.

అద్దం గురించిన చరిత్రరచన ఎక్కువగా నిండు అద్దాన్ని ఆధారం చేసుకొని సాగింది. నిలువుటద్దం, అద్దాల మేడ, ఆలయాలలోని అద్దాల మండపం ఇందుకు ఉదాహరణలు. తిరుమల ఆలయంలో డోలోత్సవం జరిగే అద్దాల మండపానికి ‘ఆయినా మహల్’ అనే పేరూ ఉంది. అక్కడ ఎదురెదురు అద్దాలలో స్వామి రూపం అనేకమై కనిపిస్తుంది. అటువంటి చోట అద్దం విలువ దాని నిండుతనంలో, ప్రతిబింబపు పూర్ణత్వంలో ఉంది. ముక్క విషయం వేరు. అరంగుళం అద్దంలో ముఖం కనిపించదు. అది వెలుగును మాత్రమే తిప్పికొడుతుంది. చూసుకొనే సాధనంగా అద్దం ముగిసిపోయిన చోట వెలుగునిచ్చే పదార్థంగా దాని రెండో జీవితం మొదలవుతుంది.

2. పదాల సాక్ష్యం

వస్తుచరిత్రకు పదచరిత్ర కొంత తోడ్పడుతుంది. సంస్కృత ‘ఆదర్శ’ శబ్దానికి ప్రాకృతంలో ‘అద్దాఅ’ వంటి రూపాలు ఉన్నాయి. తెలుగు ‘అద్దము’కు వాటితో ఉన్న పోలిక స్పష్టమే. ఆదర్శ, దర్పణ, ముకుర శబ్దాలు గాజు అద్దం ఈ దేశంలో వాడుకలోకి రాకముందు నుంచీ ఉన్నవి. అప్పటి అద్దం మెరుగు పెట్టిన లోహపు రేకు. కేరళలోని ఆరన్ముళలో రాగి, తగరం కలిపి పోతపోసే లోహపు అద్దం ఆ సంప్రదాయానికి నేటికీ నిలిచి ఉన్న నిదర్శనం. లోహపు అద్దం మసకబారితే మళ్ళీ మెరుగు పెట్టవచ్చు, పాడైతే కరిగించవచ్చు. కాబట్టి ముక్కలను ఏం చేయాలనే ప్రశ్న గాజు అద్దంతోనే పెద్దదైంది.

గాజు అద్దం వచ్చాక తెలుగులో రెండు పదాల అర్థాలు విస్తరించాయి. ‘అద్దం’ ప్రతిబింబాన్ని చూపే వస్తువుకే పరిమితం కాకుండా కిటికీ అద్దం, కళ్ళద్దాలు అనే ప్రయోగాలలో పారదర్శకమైన గాజు పలకకూ పేరైంది. ‘గాజు’ అనే పదార్థవాచకం చేతికి తొడిగే ఆభరణానికి పేరై, చివరకు బంగారు గాజు, లక్క గాజు అనే ప్రయోగాలకు దారితీసింది. పదార్థం మారినా పేరు మారలేదు. తెలుగువారి దైనందిన జీవితంలో గాజుకు అత్యంత సన్నిహితమైన రూపం స్త్రీల చేతి ఆభరణమేనని ఈ అర్థవిస్తరణ సూచిస్తుంది.

మూడో పదం ‘సీసా’. ఇది గాజు అనే అర్థమున్న పారసీక ‘షీషా’ నుంచి హిందుస్తానీ మీదుగా తెలుగులోకి వచ్చింది. ఉత్తర భారతంలో ఇదే పదం అద్దాన్నీ సూచిస్తుంది. ‘షీష్ మహల్’ అంటే అద్దాల మహలు, ‘షీషా’ కుట్టు అంటే అద్దాల కుట్టు. ఒకే మాట తెలుగులో నూనె సీసాగా, కచ్ఛ్ ప్రాంతంలో రవికమీది అద్దపు బిళ్ళగా స్థిరపడింది. అద్దాల కుట్టుకు వాడిన గాజును నిజంగానే సీసా మాదిరిగా ఊది తయారుచేసేవారన్న విషయం ఈ వ్యాసంలోనే ముందు వస్తుంది.

3. గాజు అద్దం: పూతా పగులూ

గాజు అద్దంలో రెండు పొరలు ఉంటాయి. ముందున్నది గాజు, వెనుకనున్నది లోహపు పూత. 16వ శతాబ్దిలో వెనిస్ నగరానికి చెందిన మురానో దీవి అద్దాల తయారీకి ప్రసిద్ధమైంది. స్వచ్ఛమైన గాజుతో అద్దాలు చేసే పద్ధతికి 1507లో డాల్ గాల్లో సోదరులు అక్కడి ప్రభుత్వం నుంచి ప్రత్యేక హక్కు పొందారు. పలుచని తగరపు రేకును పరచి, దానిపై పాదరసం పోసి, మీద గాజు పలకను జరిపి, బరువు పెట్టి ఉంచితే తగరమూ పాదరసమూ కలిసి గాజుకు అంటుకొనేవి. 1665లో ఫ్రాన్సు రాచరికం ఈ గుత్తాధిపత్యాన్ని ఛేదించడానికి సొంత కర్మాగారాన్ని స్థాపించింది. 1684 నాటికి పూర్తయిన వెర్సాయ్ అద్దాల మందిరంలో 17 కమానులు ఉన్నాయి. ఒక్కొక్క కమానులో 21 చొప్పున మొత్తం 357 అద్దాలను అమర్చారు. పెద్ద పలకను ఒకటిగా తయారుచేయడం కష్టమైన కాలంలో చిన్న పలకలను పక్కపక్కన చేర్చి విశాలమైన అద్దంగా భ్రమింపజేశారు. రాజవైభవానికి పరాకాష్ఠగా పేరొందిన ఆ మందిరమూ పలకల కూర్పే.

1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ వెండి లవణాల ద్రావణం నుంచి గాజుపై వెండిని పేరబెట్టే పద్ధతిని ప్రకటించాడు. ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ పద్ధతి మెరుగుపడి క్రమంగా పాదరసపు అద్దాల స్థానాన్ని ఆక్రమించింది. పాదరసపు ఆవిరి వల్ల అద్దాల పనివారికి కలిగిన అనారోగ్యం ఈ మార్పుకు ఒక ముఖ్య కారణం. పాత తగర-పాదరసపు అద్దాలు కాలక్రమేణా పాదరసపు బొట్లను విడుస్తాయి. కాబట్టి పురాతన అద్దాన్ని ఇంట్లో కోయడం, వెనుక పూతను గీకడం ఈనాటికీ ప్రమాదకరమే.

అద్దాన్ని కోయడం అని వాడుకలో అంటున్నా జరిగేది కోత కాదు, క్రమబద్ధమైన పగులు. గాజు ముఖంమీద వజ్రపు మొనతో గాని గట్టి ఉక్కు చక్రంతో గాని ఒక గీత గీస్తే, ఆ గీత కింద సన్నని చీలిక ఏర్పడుతుంది. గీతకు రెండు వైపులా పట్టి కొద్దిగా వంచితే ఆ చీలిక లోపలికి సాగి, గాజు గీత వెంబడి విడిపోతుంది. గీతను ఎప్పుడూ గాజువైపునే గీయాలి. పూతవైపు గీస్తే వెండి చెదిరిపోతుంది, పగులు దారి తప్పుతుంది. తిన్నని గీతకు ఇది చాలు. చిన్న గుండ్రని బిళ్ళకు మాత్రం అంచును కొద్దికొద్దిగా కొరుకుతూ పోవాలి. ఈ రెండో పనిలోనే ఇంటి పనివారి నైపుణ్యం పెరిగింది.

4. గచ్చు: భవనంలో అద్దపు ముక్క

ఇరాన్‌లో ‘ఆయినె-కారీ’ పేరిట అద్దపు ముక్కల పొదుగుపని 17వ శతాబ్ది నాటికే రాజభవనాలలో కనిపిస్తుంది. ఇస్ఫహాన్‌లో 1647లో పూర్తయిన చెహెల్ సొతూన్ భవనం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. వెనిస్ నుంచి తెప్పించిన పెద్ద అద్దాలలో కొన్ని దారిలో పగిలిపోయేవనీ, ఆ ముక్కలను వృథా చేయకుండా గోడలపై పొదగడంతో ఈ కళ పెరిగిందనీ ప్రచారంలో ఉన్న వివరణ. దీన్ని ఏకైక కారణంగా తీసుకోనక్కరలేదు గాని, దూరప్రయాణపు సరుకుకూ ముక్కల కళకూ ఉన్న సంబంధాన్ని ఇది గుర్తుచేస్తుంది. రవాణాలో జరిగిన నష్టమే ఇక్కడ పనివాడికి ముడిసరుకు అయింది.

భారతదేశంలో షాజహాన్ కాలంలో, 1631-32 ప్రాంతంలో, లాహోరు కోటలో షీష్ మహల్ నిర్మాణం జరిగింది. ఆగ్రా కోటలోనూ, మీర్జా రాజా జయసింహుని కాలంలో ఆమేర్ కోటలోనూ ఇదే తరహా పని కనిపిస్తుంది. కచ్ఛ్ రాజధాని భుజ్‌లో 18వ శతాబ్ది మధ్యకాలంలో మహారావు లఖ్‌పత్‌జీ కట్టించిన ఆయినా మహల్‌తో రామ్‌సింగ్ మాలమ్ పేరు ముడిపడి ఉంది. ఇతడు నావికుడనీ, డచ్చివారి ఓడ ద్వారా యూరప్ చేరి అక్కడ గాజుపని మొదలైన విద్యలు నేర్చుకొని తిరిగి వచ్చాడనీ కచ్ఛ్ సంప్రదాయం చెబుతుంది.

ఈ భవనాలన్నింటిలో ముక్క అంచును అదుపు చేసింది గచ్చు. తడి సున్నపు గచ్చులోనో జిప్సం పూతలోనో ముక్కను ఒత్తి, చుట్టూ పూతను అంచుమీదికి తెస్తే, ఆరిన తరువాత ఆ పదును గోడలోనే సమాధి అవుతుంది. గోడ కదలదు కాబట్టి అంచు మళ్ళీ బయటపడే అవకాశం తక్కువ. స్థిరమైన నివాసం, నిలకడగా జీతమిచ్చే పోషకుడు, పరంజా ఎక్కే పురుష పనివారు ఉన్నచోట ఈ పరిష్కారం సాధ్యమైంది. అందుకే దీని చరిత్రకు రాజుల పేర్లూ తేదీలూ దొరుకుతాయి.

ఇదే పద్ధతికి ఇంటి రూపం కచ్ఛ్‌లో ఉంది. ‘భుంగా’ అనే గుండ్రని మట్టి ఇళ్ళ లోపలి గోడలపై పేడ కలిపిన మట్టితో ఉబ్బెత్తు నగిషీలు తీర్చి, వాటి మధ్య చిన్న అద్దాలు పొదుగుతారు. దీన్ని ‘లిప్పన్’ పని అంటారు. దీన్ని ఎక్కువగా చేసేది ఆ ఇంటి స్త్రీలే. సున్నపు గచ్చుకు బదులు మట్టి, పరంజాకు బదులు చేతికి అందే గోడ. సాంకేతిక సూత్రం ఒక్కటే అయినా, ఒకటి వాస్తుకళ, మరొకటి ఇల్లు అలుకుడులో భాగం అయ్యాయి. ఈ తేడా చేసినవారి స్థానాన్ని బట్టి వచ్చిందే గాని పని స్వభావాన్ని బట్టి వచ్చింది కాదు.

5. కపడ్‌వంజ్ బుడగ

గుడ్డపై కుట్టడానికి వెనిస్ పలక పనికిరాదు. అది బరువు, మందం ఎక్కువ. కుట్టుకు కావలసినది పలుచని, తేలికైన, కత్తెరకు లొంగే గాజు. అటువంటి గాజుకు గుజరాత్‌లోని ఖేడా జిల్లా కపడ్‌వంజ్ పట్టణం పేరు పొందింది. అక్కడి పనివారు కరిగిన గాజును గొట్టంతో పెద్ద బుడగగా ఊది, దాని లోపల కరిగిన లోహ మిశ్రమం పోసి, బుడగను తిప్పుతూ లోపలి గోడ అంతటా పూత పట్టించేవారు. చల్లారిన తరువాత బుడగను పగులగొట్టి పెంకులుగా అమ్మేవారు.

ఈ పద్ధతిలో పగలగొట్టడం ప్రమాదం కాదు, తయారీలో చివరి అంచె. ఇక్కడ నిండు అద్దం ఏ దశలోనూ లేదు. అద్దం పుట్టుకతోనే ముక్క. బుడగనుంచి వచ్చింది కాబట్టి ప్రతి పెంకుకూ కొద్దిపాటి వంపు ఉంటుంది. సమతలమైన అద్దం ఒక దిక్కునుంచి వచ్చే వెలుగును ఒక దిక్కుకే పంపితే, వంపు ఉన్న ముక్క విస్తరింపజేసి పంపుతుంది. కట్టుకొన్న మనిషి కదిలినప్పుడు ఏ వైపునుంచి చూసినా ఏదో ఒక ముక్క మెరుస్తుంది. పాత అద్దాల కుట్టులో కనిపించే మెత్తని, కొద్దిగా బూడిదరంగు కలిసిన వెలుగుకు ఈ వంపు, ఈ లోహపు పూత కారణాలు.

పెంకును బిళ్ళగా చేసే పని స్త్రీలది. ప్రత్యేకమైన కత్తెరను తరచూ నీటితో తడుపుతూ పెంకు అంచును కొద్దికొద్దిగా కత్తిరిస్తారు. తడి వల్ల సన్నని రవ్వలు గాలిలోకి ఎగరవు. పగులు కొనవద్ద గాజు బంధాలను నీరు బలహీనపరుస్తుందని, అందువల్ల తక్కువ ఒత్తిడితోనే పగులు సాగుతుందని ఆధునిక పదార్థశాస్త్రం చెబుతుంది. ఆ శాస్త్రానికి చాలా ముందే ఈ స్త్రీలు ఆ గుణాన్ని అనుభవంతో వినియోగించుకొన్నారు. ఆకారం వచ్చిన తరువాత అంచును సన్నగా చెక్కి నునుపు చేస్తారు.

6. దారం: కదిలే శరీరంపై అద్దం

అద్దపు బిళ్ళకు పూసకు ఉన్నట్టు రంధ్రం ఉండదు. దాన్ని గుడ్డకు నేరుగా కుట్టడం సాధ్యం కాదు. అద్దాల కుట్టు ఈ చిక్కును విడదీసిన తీరు సరళమైనది. బిళ్ళను గుడ్డపై ఉంచి, దానిమీదుగా నిలువునా రెండు, అడ్డంగా రెండు దారాలు బిగించి లాగుతారు. మధ్యలో చిన్న చతురస్రపు చట్రం ఏర్పడుతుంది. తరువాత సూదిని ఆ చట్రపు దారం కింద దూర్చి, అంచు వెలుపల గుడ్డలోకి దింపి, ముడివేస్తూ చుట్టూ తిరుగుతారు. ప్రతి కుట్టూ చట్రాన్ని అంచువైపు లాగుతుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి చతురస్రం వలయంగా మారి, అద్దం అంచునంతటినీ కప్పేస్తుంది.

ఇందులో జిగురు లేదు. గాజుకూ గుడ్డకూ మధ్య అతుకు లేదు. దారపు వలయం అద్దాన్ని పట్టి ఉంచుతూనే కొద్దిగా కదలనిస్తుంది. గుడ్డ మడతపడినా, శరీరం వంగినా, ఉతికినా బిళ్ళ పగలకుండా ఉండడానికి ఈ వెసులుబాటే కారణం. గోడకు గచ్చు ఎలాంటిదో కదిలే శరీరానికి దారం అలాంటిది. అయితే దారం పని కష్టతరమైనది. అంచు కొద్దిగా గరుకుగా ఉన్నా రాపిడికి దారం తెగిపోతుంది. కాబట్టి కత్తిరించడంలోని నాణ్యతా, కుట్టులోని బిగువూ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి.

కచ్ఛ్, సౌరాష్ట్ర, సింధు ప్రాంతాలలోని రబారీ, ఆహీర్, మేఘ్‌వాల్ మొదలైన సమూహాలలో ఈ కుట్టు విస్తృతంగా ఉంది. తెలుగు ప్రాంతాలకు దీన్ని స్వంతం చేసినవారు తెలంగాణలో లంబాడీలుగా, రాయలసీమలో సుగాలీలుగా, ఇతరత్రా బంజారాలుగా వ్యవహరించే సమూహం. ఎడ్ల మందలపై ధాన్యం, ఉప్పు చేరవేయడం వీరి వృత్తి. మొగలు సేనల దక్కను దండయాత్రలకు ధాన్యం సరఫరా చేసిన వారిలో వీరు ప్రధానులు. ఆంగ్ల యాత్రికుడు పీటర్ మండీ 1632లో తాను చూసిన ఒక తండాలో 14,000 ఎడ్లు ఉన్నట్లు రాశాడు. వాయవ్య భారతపు కుట్టు సంప్రదాయాలకూ వీరి కుట్టుకూ ఉన్న దగ్గరితనం, తెలుగు నేలమీద ఇండో-ఆర్య కుటుంబానికి చెందిన లంబాడీ భాష నిలిచి ఉండడం, రెండూ ఈ వలసకు సాక్ష్యాలే.

నిత్యం కదిలే సమాజానికి నిలువుటద్దం ఆస్తి కాజాలదు. ఎద్దు వీపున అది నిలవదు. గుడ్డలో కుట్టిన ముక్క మాత్రం మడతపెట్టి మూటకట్టుకొని వెళ్ళగలిగినది. కాంచళి అనే రవిక, పేటియా అనే లంగా, టుక్రి అనే ఓణి మీద అద్దాలు, గవ్వలు, లోహపు పూసలు, నాణేలు కలిసి ఉంటాయి. ఇవన్నీ దూరపు సంతల నుంచి, తీరాల నుంచి సేకరించిన సరుకులు. ఆ విధంగా లంబాడీ స్త్రీ దుస్తులు ఆ సమాజపు వాణిజ్య పటానికి ఒక నమూనా.

అద్దాలు దిష్టి తగలకుండా ఉంచుతాయనీ, అడవిలో మృగాలను బెదిరిస్తాయనీ చెప్పే వివరణలు బహుళ ప్రచారంలో ఉన్నాయి. నమ్మకాల స్థాయిలో వీటిని తోసిపుచ్చనవసరం లేదు. కాని వీటినే సంపూర్ణ కారణంగా స్వీకరిస్తే, వెలుగును గుడ్డపై నిలపడానికి ఒక సమూహం సాధించిన సాంకేతిక విజయం మరుగునపడుతుంది. కోటలోని షీష్ మహల్‌ను దిష్టి నివారణగా ఎవరూ వివరించరు. దానికి సౌందర్యదృష్టిని అంగీకరించి, తండా స్త్రీ కాంచళికి భయాన్ని మాత్రమే కారణంగా చూపడం సమంజసం కాదు.

7. సంచారం ఆగిన తరువాత

19వ శతాబ్దిలో రోడ్లు, రైళ్ళు వచ్చి ఎడ్ల రవాణాను దెబ్బతీశాయి. నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం 1874లో తెరుచుకొంది. మరోవైపు 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంచార జీవనాన్నే అనుమానించింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ విస్తరించి, లంబాడీలలోని కొన్ని సమూహాలనూ తన పరిధిలోకి తెచ్చుకొంది. 1952లో ఈ చట్టం రద్దయింది. 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణ ప్రాంతపు లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు.

ఈ కాలంలోనే వెలువడిన కులవర్ణన సంపుటాలలో, అంటే థర్‌స్టన్ 1909లోనూ, సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లోనూ ప్రకటించిన గ్రంథాలలో, ఈ సమాజపు వర్ణన విస్తారంగానే ఉంది. కాని అక్కడ దుస్తులు జాతిని గుర్తించే లక్షణాలు. దూరం నుంచే లంబాడీని పోల్చుకోవడానికి అద్దాల రవిక ఒక గుర్తు. అనుమానించే చట్టం అమలులో ఉన్న రోజుల్లో ఆ గుర్తుకు అలంకారానికి మించిన అర్థం ఉంది. స్త్రీ తన చేతులతో వెలుగు నింపుకొన్న గుడ్డే ఆమె సమూహాన్ని అధికారుల కంటికి పట్టించే ఆనవాలు కూడా అయింది. అద్దాల కుట్టు చరిత్రలో ఈ ద్వంద్వాన్ని విస్మరించడానికి వీలులేదు.

8. లక్క: చేతి చుట్టూ అద్దం

మూడో మాధ్యమం లక్క. హైదరాబాదులో చార్మినారుకు ఆనుకొని ఉన్న లాడ్ బజారు లక్క గాజులకు ప్రసిద్ధి. లక్కపురుగు స్రవించే జిగురును నిప్పులపై వేడిచేసి, పొడి కలిపి, ముద్దగా మెదిపి, సన్నని కడ్డీగా సాగదీసి, వలయంగా చుడతారు. లక్క మెత్తగా ఉన్నప్పుడే రంగురాళ్ళు, పూసలు, చిన్న అద్దపు ముక్కలు ఒక్కొక్కటిగా ఒత్తి పొదుగుతారు. చల్లబడేసరికి అవి బిగుసుకొంటాయి. ఈ పొదుగుపనిలో పెద్దభాగం పాతబస్తీ ఇళ్ళలో, స్త్రీల చేతుల మీదుగా సాగుతుంది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

గచ్చు ఒకసారి గట్టిపడితే మళ్ళీ మెత్తబడదు. దారం ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. లక్క ఈ రెండింటి మధ్యది. వేడికి కరిగి చల్లదనానికి బిగుస్తుంది, రాయి ఊడితే మళ్ళీ వేడిచేసి పొదగవచ్చు. వేడి ఎక్కువైతే ముక్క మునిగిపోతుంది, తక్కువైతే అంచు బయటే ఉండి చర్మాన్ని గీరుతుంది. ఆ పదునును సరిగ్గా దాచే వేడిమి ఎంతో తెలిసేది పనిచేసే వేళ్ళకే. పదార్థం లక్క అయినా ఆ వస్తువును తెలుగువారు గాజు అనే పిలవడం, దానిలో పొదిగినది గాజు ముక్కే కావడం ఆసక్తికరమైన కలయిక.

9. అంచు లేని అద్దం

1959లో పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించిన పద్ధతిలో, కరిగిన తగరంపై గాజును తేలించి సమతలమైన పలకలు తీయడం మొదలైంది. గాజు పలకలు చవకయ్యాయి. యంత్రంతో కోసిన సమానమైన గుండ్రని అద్దాలు పొట్లాలుగా సంతలకు వచ్చాయి. తరువాత ప్లాస్టిక్ అద్దాలు, మెరిసే రేకు బిళ్ళలు వచ్చాయి. ఇవి తేలికైనవి, చవకైనవి, పిల్లల దుస్తులకు క్షేమకరమైనవి. కుట్టేవారి కంటికీ వేలికీ వీటితో ముప్పు తక్కువ. ఈ మేలును తక్కువ చేసి చెప్పకూడదు.

అయితే ప్లాస్టిక్ బిళ్ళకు కోసే అంచు లేదు. దాన్ని జిగురుతో అంటించవచ్చు, చుట్టూ నామమాత్రంగా దారం తిప్పవచ్చు. అంచు ప్రమాదం పోయినచోట అంచును అదుపు చేసే విద్యకూ పని తగ్గింది. తడి కత్తెర, పెంకు చెక్కడం, బిగువైన వలయం మొదలైన అంచెలు ఒకదాని వెంట ఒకటి జారిపోవడానికి కారణం ఇదే. పైకి చూస్తే కుట్టు అలాగే ఉన్నట్లు కనిపిస్తుంది, కాని దాని లోపలి అవసరం మారిపోయింది.

మరొక మార్పు మరింత సూక్ష్మమైనది. పాత కాంచళులు, పేటియాలు కొనుగోలుదారుల చేతిలో పడి, ముక్కలుగా కోసి సంచులు, గోడ తెరలు, దిండు గలీబులుగా మళ్ళీ కుట్టబడుతున్నాయి. హంపి, గోవా వంటి పర్యాటక స్థలాలలో ఇవి విరివిగా అమ్ముడుపోతాయి. అద్దాన్ని ముక్కచేసి కుట్టిన గుడ్డే ఇప్పుడు ముక్కవుతున్నది. మొదటి కోతలో గాజు ముక్కకు కొత్త జీవితం వచ్చింది. రెండో కోతలో గుడ్డకు ధర వచ్చింది గాని, ఏ తండాలో ఎవరు ఏ సందర్భానికి కుట్టారన్న సమాచారం తెగిపోయింది. పరిశోధకుడికి ఇది పూడ్చలేని లోటు.

దీనికి ఎదురుగా సంఘటిత ప్రయత్నాలూ ఉన్నాయి. కర్ణాటకలోని సండూరు లంబానీ కుట్టు భౌగోళిక గుర్తింపు పొందింది. 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా లంబానీ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇటువంటి గుర్తింపు మార్కెట్‌ను పెంచుతుంది. పని తెలిసిన చేతుల నుంచి ఆ విద్య వివరాలను రాబట్టడం మాత్రం వేరే కర్తవ్యం. అది విశ్వవిద్యాలయాలు చేయవలసినది.

10. ఉపసంహారం

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, అద్దపు ముక్కల కళకు కేంద్రం మెరుపు కాదు, అంచు. గచ్చు దాన్ని పూడ్చింది, దారం చుట్టింది, లక్క మింగింది. ఈ మూడూ ఒకే ప్రశ్నకు వచ్చిన సమాన స్థాయి జవాబులు.

రెండు, వీటిలో మొదటిదానికి చరిత్ర దక్కి, తక్కిన రెండింటికీ వర్ణన మాత్రమే దక్కడానికి కారణం పోషణ, లింగభేదం, నివాస స్థిరత్వం. నైపుణ్యపు హెచ్చుతగ్గులు కారణం కావు.

మూడు, సరుకు మారితే పద్ధతి మారుతుంది. కపడ్‌వంజ్ బుడగ పెంకు, యంత్రం కోసిన బిళ్ళ, ప్లాస్టిక్ రేకు అనే మూడు దశలను గుర్తిస్తే, తేదీ తెలియని పాత గుడ్డల కాలక్రమాన్ని నిర్ణయించడానికి అద్దమే ఒక ఆధారం కాగలదు. వంపు, మందం, పూత రంగు, అంచు చెక్కిన తీరు ఇందుకు పరిశీలించవలసిన లక్షణాలు.

తెలుగు పరిశోధన ఇక్కడ చేయగలిగినది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తి పదకోశాలు వ్యవసాయానికి 1962లోనూ, చేనేతకు 1971లోనూ వెలువడి, పనివారి నోటి మాటను శాస్త్రీయంగా నమోదు చేసే మార్గాన్ని చూపాయి. వాటికి వృత్తే ప్రమాణం. ఇంటి పనుల మధ్య, కూలి లెక్కకు అందకుండా సాగే కుట్టు, పొదుగు, చెక్కుడు వంటి పనులకూ అదే పద్ధతిని విస్తరింపజేయాలి. తండాలలో లంబాడీ భాషలోనూ, పాతబస్తీలో దక్కనీ ఉర్దూలోనూ ఉన్న పనిముట్ల పేర్లు, కుట్ల పేర్లు, తప్పుల పేర్లు సేకరించి తెలుగు పర్యాయాలతో నమోదు చేయవలసి ఉంది. గాజు పెంకును తడి కత్తెరతో గుండ్రంగా తిప్పడం తెలిసిన తరం వయసు మీరుతున్నది. ఆ పనికి వారు పెట్టుకొన్న మాటలు వారితోనే పోకముందే ఆ సేకరణ జరగాలి.